అమ్మ గోలీల సంచి

దోస్త్,

నీ మెసేజ్ రాత్రే చూసిన, ఫోన్ చేద్దామంటే నువ్వు డ్యూటీల ఉంటవ్, పైగా ఫోన్ల నేను అసలు సంగతి వదిలేసి ఊరి ముచ్చట్లు పెడతా, అందుకే కూసుని పొడుగ్గ రాస్తున్న, తీరిగ్గ చదువు. మీ నాయిన ఇంటి తొవ్వ మర్చిపోయి జడ్చర్ల బస్టాండ్ల రెండు గంటలు కూసున్నడని, మీ అన్న "డెబ్బై అయిదు దాటినంక గట్లనే ఉంటది తీయ్" అన్నడని రాసినవ్. మీ అన్నను ఏమంటలేను గని, పోయినేడు మా ఇంట్ల అందరం సేమ్ గదే మాటన్నం.

అమ్మ సంగతి నీకు సగమే తెలుసు. మా వాడల బతుకమ్మ పాట ఎత్తుకునేదే ఆమె కదా, తెల్లారేదాంక పాడినా ఒక్క చరణం తప్పు పోకపోయేది. పోయినేడు సద్దుల నాడు పాట ఎత్తుకుంది, నడుమ ఆగిపోయింది, చప్పట్లు కొట్టుకుంటనే చుట్టు ఉన్నోళ్ల మొఖాలు చూస్తుంది. మా చిన్నమ్మ టక్కున అందుకున్నది గాబట్టి ఎవ్వరు పట్టించుకోలే, నాకైతే కడుపుల ఏదో తిప్పినట్టయింది. ఆ తర్వాత పొద్దుగాల లేస్తే చాలు మా ఆమెను "బర్రెకు కుడితి పెట్టినవా" అని అడుగుడు, బర్రెను అమ్మి ఆరేండ్లాయె. ఇగ మతిమరుపు రోగమే వచ్చిందని ఫిక్స్ అయిపోయినం, హైదరాబాద్ల స్కానింగ్ తీపిద్దామని పైసలు కూడ జమ చేసుడు షురూ చేసిన.

ఇంతల ఒక రాత్రి బాత్రూంకు పోతుంటే తూలి పడ్డది, చెయ్యి వాచింది. నల్గొండ పెద్ద దవాఖానకు తీస్కపోయినం. అక్కడ ఒక లేడీ డాక్టర్, చిన్న పిల్లే, ముప్పై ఏండ్లు కూడ ఉండయ్, చెయ్యి చూసినంక "ఆమె ఏమేం గోలీలు ఏసుకుంటది, అన్ని తెండి" అన్నది. ఇంటికొచ్చి చూస్తే బట్టల షాపు సంచి నిండ గోలీలే రా! సగం స్ట్రిప్పులు కత్తెరతోని కత్తిరించినయే, అయిదు గోలీలు కావాలంటే అయిదే కత్తిరించి ఇస్తరు కదా, పేరున్న ముక్క షాపులనే ఉండిపాయె. అమ్మకేమో తెల్ల గోలి, పచ్చ గోలి, సగం గోలి, గిదే లెక్క. మొత్తం తొమ్మిది రకాలు తేలినయ్, ఆర్ఎంపీ ఇచ్చినయ్ కొన్ని, బొక్కల డాక్టర్ రాసినయ్ కొన్ని, బీపీ డాక్టర్‌వి కొన్ని, మెడికల్ షాపుల నోటితోని చెప్పి తెచ్చుకున్నయ్ కొన్ని. నలుగురిల ఎవ్వరు మిగతా ముగ్గురి చీటీలు చూడలే, చూపెట్టే తెలివి మాకు లేకపాయె.

ఆ డాక్టర్ టేబుల్ మీద అన్ని వరుసగ పెట్టి, ఏది ఎప్పటిసంది వాడుతుందో అడుగుకుంట ఒక్కొక్కటి జరిపింది. బీపీకి ఆమ్లోడిపిన్ ఇచ్చిన్రు, దాంతోని కాళ్లు వాచినయ్. వాపు మందుతోని వచ్చిందని తెల్వక నీరు దిగే గోలి ఇచ్చిన్రు. నీరు దిగే గోలి ఏసుకుంటే మాటిమాటికి ఒంటికి వస్తది కదా, ఇగ దాన్ని ఆపనీకి ఆక్సీబ్యూటినిన్ అని ఇంకోటి. ఆ ఆఖరిదే సీదా మెదడు మీద పడేది. ఒక మందు తెచ్చిన తిప్పలను కొత్త రోగం అనుకుని ఇంకో మందు రాసుకుంట పోయిన్రన్నట్టు, కొండవీటి చాంతాడు లెక్క. ఇవి కాక మోకాళ్ల నొప్పులు, మా నల్గొండ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం కదా, వాటికి నరాల గోలి, అండ్ల ప్రీగాబాలిన్‌కు తోడు నార్ట్రిప్టిలిన్ కలిసి ఉన్నది. జలుబుకు క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న గోలి, నిద్రకు ఆల్ప్రజోలం. ఒక్కొక్కటి విడిగ చూస్తే కొంపలు ముంచేదేం కాదు, అన్ని ఒక్క కడుపుల పడ్డయ్.

ఆమె చెప్పింది నాకు అర్థమైన కాడికి రాస్తా. మెదడుల ఒక కణం ఇంకో కణానికి కబురు పంపనీకి అసిటైల్‌కోలిన్ అని ఒక రసాయనం ఉంటది, జ్ఞాపకం పెట్టుకునుడుకు అది చాన ముఖ్యం. ఆక్సీబ్యూటినిన్, నార్ట్రిప్టిలిన్, జలుబు గోలి, ఈ మూడు ఆ కబురును అడ్డుకునేటియే. నోట్ల ఉమ్మి ఊరుడు, పేగులు కదులుడు, మూత్రం సంచి ముడుచుకునుడు, వీటికి కూడ అదే రసాయనం కావాలె. అందుకే నోరు ఎండుకపోవుడు, దొడ్డికి గట్టిగ అవుడు, ఒంటికి సరిగ రాకపోవుడు, చూపు మసకబారుడు, వీటితోపాటు మతి తప్పుతుంటే ముందుగాల గోలీలను అనుమానించాలట. అమ్మ రాత్రిపూట చెంబు నీళ్లు పక్కన పెట్టుకుని పండేది, ఎండకాలం కదా అనుకున్నం! ఇంకో తమాషా, అల్జైమర్స్ అనే మతిమరుపు రోగానికి ఇచ్చే డోనెపెజిల్ ఆ రసాయనాన్ని పెంచుతది. స్కానింగ్ అని ఉరికి, ఎవరన్న ఆ మందు కూడ మొదలువెట్టి ఉంటే, ఒక దిక్కు బిందెల నీళ్లు పోస్కుంట ఇంకో దిక్కు చిల్లు పొడిచినట్టే.

వయసు మీద పడితే కిడ్నీలు, లివర్ మందును తొందరగ బయటికి పంపయ్, ఒంట్ల కొవ్వు పాలు పెరుగుతది గాబట్టి డయాజిపాం అసొంటి నిద్ర గోలీలు రోజుల తరబడి లోపల్నే తిరుగుతుంటయట. ముప్పై ఏండ్లోనికి ఒక రాత్రి నిద్రపట్టించే గోలి ముసలోళ్లకు తెల్లారినా దిగది. ఇదేం కొత్త సంగతి కూడ కాదు, అమెరికాల బీర్స్ అనే డాక్టర్ 1991 లనే ముసలోళ్లకు ఇయ్యకూడని మందుల లిస్టు తయారుజేసిండు, 2023 ల కూడ దాన్ని కొత్తగ దిద్దిన్రు. 2015 ల సియాటెల్ దిక్కు 65 దాటిన 3,400 మందికి పైగ మనుషుల లెక్కలు చూస్తే, అసిటైల్‌కోలిన్ కబురును అడ్డుకునే రకం మందులు మూడేండ్లకు సరిపోయేటన్ని మింగినోళ్లకు డిమెన్షియా (మతిమరుపు రోగం) రిస్కు 54 శాతం ఎక్కువ కనపడ్డదట. మందే కారణమని దాంతోని రుజువైనట్టు కాదు, ఆ డాక్టరే అన్నది, కని ఆ మాట విన్నంక నాకు రెండు రోజులు అన్నం సయించలే.

ఇగ జాగ్రత్తగ విను. నీ తొందర నాకు తెలుసు, ఇది చదివి అన్ని గోలీలు పెంట మీద పారేస్తవ్. ఆ పని మాత్రం చెయ్యకు. ఆల్ప్రజోలం అయితే అసలే ఒక్కపారి ఆపొద్దు. మీ పాలమూరు దిక్కు కల్తీ కల్లు బందు పెట్టినప్పుడు చూసినవ్ కదా, చేతులు వణుకుడు, పిచ్చి మాటలు, ఫిట్స్, ఎర్రగడ్డ మానసిక దవాఖానకు తీస్కపోవుడు, ఆ కల్లుల కలిపేది కూడ ఆల్ప్రజోలం, డయాజిపామే. అమ్మకు జలుబు గోలి వెంటనే బందు పెట్టిన్రు, బీపీ మందు మార్చిన్రు, వాపు తగ్గినంక నీళ్ల గోలి, దాని వెనక ఒంటి గోలి పోయినయ్. నిద్ర గోలి మాత్రం కొంచెం కొంచెం తగ్గించుకుంట మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలు రాత్రిపూట అమ్మ నిద్రపోలే, మమ్మల్ని పోనియ్యలే, తిట్లే తిట్లు. నడుమ సోడియం, బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడ చేయించిన్రు, సోడియం తక్కువుండె, అదీ నీళ్ల గోలి పుణ్యమే.

ఇప్పుడు మునుపటి లెక్క అయిందా అంటే కాలే. మనుమల పేర్లు తారుమారు చేస్తది, కొంత వయసుదే కావచ్చు. బర్రె ముచ్చట మాత్రం బందయింది, మొన్న పాలోడు రెండు రోజుల పాలు ఎక్కువ రాస్తే గోడ మీద గీతలు లెక్కపెట్టి పట్టుకున్నది.

నాయిన సంగతికొస్తే, షుగర్ గోలి గ్లిమెపిరైడ్ అనుకుంటా కదా, ఆ రోజు గోలి ఏసుకుని తినకుండ బయల్దేరిండా అడుగు, షుగర్ పడిపోయినా మనిషి అట్లనే అయోమయం అయితడు. పొద్దుమూకి కల్లుకు పోతుండా, ఎక్కడి కల్లు? రాత్రి నిద్రకు ఏమన్న ఏసుకుంటుండా? నిద్ర గోలీలు చీటి లేకుంట అమ్మొద్దు, రిజిస్టర్ల రాసుకోవాలని 2014 సంది రూల్ ఉన్నది, మనూళ్లల్ల మాత్రం మొఖం చూసి ఇచ్చేస్తరు. వదినెను అడిగి దిండు కింద, అంగీ జేబుల, దేవుని గూట్ల, ఎక్కడెక్కడ ఉన్నయో అన్ని తీపియ్యి. నాటు మందు పొడులు, ఆయుర్వేదం పేరుతోని తెచ్చుకునేటియి కూడ. స్ట్రిప్పు వెనక దిక్కు ఫోటోలు తీసి నాకు పంపు, సోమవారం అమ్మను చూపెట్టనీకి పోతున్న, ఆ డాక్టర్‌ను అడుగుతా. పేరు లేని ముక్కలుంటే ఏ షాపుల కొన్నరో అక్కడికే పోయి పేరు రాయించుకో, ఆదివారం రాత్రిదాంక టైం ఉన్నది.

నీ దోస్త్