రక్షణ మంత్రి గారికి: క్యాడెట్లకు బండి మొత్తాన్ని చూడటం నేర్పించండి

గౌరవనీయులైన భారత రక్షణ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను సైన్యంలో వాహనాలు, ఆయుధాలు మరమ్మతు చేసే విభాగమైన ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా చేరి, 28 ఏళ్ల తర్వాత సుబేదారుగా రిటైరయ్యాను. ఇదే ఉత్తరాన్ని హిందీలో రాయించి మీ కార్యాలయానికి పోస్టు చేశాను. పిల్లల్ని సైన్యంలోకి పంపే మా ప్రాంతం తల్లిదండ్రులు కూడా చదవాలని తెలుగులో ఇలా అందరి ముందూ పెడుతున్నాను.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి. రాజస్థాన్‌లో సైనిక విన్యాసాల ఎక్సర్‌సైజ్ నడుస్తోంది. ఒక సాయుధ వాహనం ఆయిలు కార్చుకుంటూ ఆగిపోయింది. చూస్తే, పోయింది అరచేతిలో ఇమిడే రబ్బరు సీలు. కొత్త సీలు మా పెట్టెలోనే ఉంది. కానీ అక్కడికి చెయ్యి దూరదు. ఇంజను మొత్తం పైకి లేపితే తప్ప ఆ బోల్టుకు స్పానర్ పట్టదు. క్రేన్ ఉన్న రికవరీ వెహికల్ వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. టార్పాలిన్ కింద, టార్చి నోట కరుచుకుని పనిచేశాం. లోపల ఇసుక పడకుండా ఒక కుర్రాడు తన దుప్పటి అడ్డం పట్టుకుని తెల్లారేదాకా నిలబడ్డాడు. సీలు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. దాన్ని చేరుకోవడానికి, తర్వాత అన్నీ మళ్లీ బిగించడానికి పదకొండు గంటలు.

ఆ వాహనం పేరు, తయారుచేసినవాళ్ల పేరు రాయను. సీలు గీసినాయన సీలును బాగానే గీశాడు. ఇంజను చేసినవాళ్లు మంచి ఇంజనే చేశారు. ఇవన్నీ ఒకచోట చేరాక, ఎడారిలో చీకట్లో దాన్ని విప్పేవాడి గతేమిటి అని ఆలోచించడం మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది. ఆ ఆలోచనను ఒకరి బాధ్యతగా చేసే చదువు పేరు సిస్టమ్స్ ఇంజనీరింగ్. మన క్యాడెట్లకు అది కావాలని అడగడానికే ఈ ఉత్తరం.

మా మేనల్లుడు టెక్నికల్ ఎంట్రీ స్కీములో, అంటే ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్ చదివిస్తూ సైనిక అధికారిగా తయారుచేసే పద్ధతిలో, క్యాడెట్. ఇంటర్ ఎంపీసీ, జేఈఈ మెయిన్, ఆపైన అధికారుల్ని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ. ఆ రిజల్టు వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. ఇప్పుడున్న పద్ధతిలో మూడేళ్లు సైనిక ఇంజనీరింగ్ కళాశాలలో, చివరి ఏడాది డెహ్రాడూన్‌లోని సైనిక అకాడమీ ఐఎంఏలో శిక్షణ. నాలుగేళ్లు తిరిగేసరికి భుజం మీద లెఫ్టినెంటు నక్షత్రాలు, చేతిలో డిగ్రీ. ఇంతకంటే మంచి అవకాశం మా ఇళ్లలో పిల్లలకు దొరకదు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు తను గీసిన గేర్‌బాక్సు డ్రాయింగు చూపించాడు. ప్రతి గీతకూ కొలత ఉంది. చూడముచ్చటగా ఉంది.

"చాలా బాగుందిరా. ఇది ఏ బండిలో కూర్చుంటుంది?" అన్నాను.

"అది ఇవ్వలేదు మామయ్యా."

"పాడైతే ఎటువైపు నుంచి దించుతారు?"

కాసేపు కాగితం వైపే చూశాడు. "అదీ ఇవ్వలేదు" అన్నాడు.

వాడినీ, వాడికి చదువు చెప్పేవాళ్లనూ నేను తప్పుపట్టను. అడిగింది గీశాడు. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, సివిల్, టెలికాం అని శాఖలుగా విడగొట్టి చెప్పే చదువులో ఎవరి కాగితం వాళ్లదే అవుతుంది.

నా చిన్నప్పుడు మా నాన్న కొత్త ఎడ్లబండి చేయించాడు. వడ్రంగి ఉలి పట్టకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు. పొలం దారి రేగడా, ఇసుకా? మోసేది వడ్ల బస్తాలా, పచ్చిగడ్డా? ఎడ్లు ఎంత ఎత్తు? తర్వాత మా కొట్టానికి వచ్చి ఎడ్ల మూపురం దగ్గర చెయ్యి ఆనించి ఎత్తు చూసుకున్నాడు. ఆ తర్వాతే ఇరుసు, నొగలు, కాడి. ఆయన బడికి వెళ్లిన మనిషి కాదు. వెస్ట్ పాయింట్‌లో నేర్పేది చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

అమెరికా సైన్యానికి అధికారుల్ని తయారుచేసే వెస్ట్ పాయింట్ అకాడమీ 1802లో పుట్టింది. అక్కడ సిస్టమ్స్ ఇంజనీరింగ్‌కు ఒక డిపార్ట్‌మెంటే ఉంది. క్యాడెట్లకు నేర్పే పద్ధతిలో నాలుగు మెట్లు: సమస్య ఏమిటో తేల్చడం, పరిష్కారాలు రూపొందించడం, ఒకటి ఎంచుకోవడం, అమలు చేయడం. మొదటి మెట్టు మీద వాళ్లు పెట్టే శ్రద్ధ నాకు నచ్చింది. వస్తువు ఎవరికి కావాలి, ఎవరు వాడతారు, దాంతో ఎవరికి ఇబ్బంది అని అందరి దగ్గరికీ వెళ్లి కనుక్కుంటారు. చివరి ఏడాది క్యాడెట్లు జట్లుగా నిజమైన క్లయింటు కోసం నిజమైన సమస్య మీద ప్రాజెక్టు చేసి, అందరి ముందూ చెప్పి నిలబడతారు.

మన దగ్గర ఇది లేక ఏమైందో చెప్పడానికి అర్జున్ ట్యాంకు చాలు. 1974లో మంజూరైన ఆ ప్రాజెక్టు మొదటి ఊహలో దాదాపు 40 టన్నుల ట్యాంకు, 105 మిల్లీమీటర్ల తుపాకీ. తయారై వచ్చేసరికి 120 మిల్లీమీటర్ల తుపాకీ, 58 టన్నులు దాటిన బరువు. మొదటి ట్యాంకులు సైన్యం చేతికి వచ్చింది 2004లో. ఆ తర్వాతి మార్క్ 1ఏ దాదాపు 68 టన్నులు. ట్యాంకుగా అది గట్టిది, దాన్ని చేసినవాళ్లంటే నాకు గౌరవం. కానీ ట్యాంకు ఒంటరిగా యుద్ధానికి వెళ్లదు. దాన్ని మోసే రైలు వ్యాగను, దాటించే వంతెన, బురదలో దిగబడితే లాగే బండి, ఇవన్నీ కలిస్తేనే ట్యాంకు. బరువు పెరిగిన ప్రతిసారీ వీటన్నిటి లెక్కా మారింది. లద్దాఖ్ కోసం చేసిన తేలిక ట్యాంకు జొరావర్ విషయంలో, విమానంలో తీసుకెళ్లగలగాలి కాబట్టి 25 టన్నుల లోపే ఉండాలని ముందే గిరి గీసుకున్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా సంతోషమేసింది.

ఏ ఆయుధం ఎలా ఉండాలో చెప్పే జీఎస్‌క్యూఆర్ కాగితం రాసేది సైనిక అధికారులే. ఆ కాగితాల్లో కోరేవి కామిక్ పుస్తకాల్లోంచి తీసినట్టున్నాయని మీకు ముందు ఆ పదవిలో ఉన్న మనోహర్ పారికర్ గారే ఒకసారి బాధపడ్డారు. ఇవాళ్టి క్యాడెట్ పదిహేను, ఇరవై ఏళ్లకు ఆ కాగితం ముందు కూర్చుంటాడు. ఏం అడగాలో, ఏది అడగకూడదో అప్పుడు కొత్తగా నేర్చుకోమంటే ఆలస్యమవుతుంది.

క్యాడెట్ల నెత్తిన మరో సబ్జెక్టు మోపమని అడగడానికి నాకే మనసు రాదు. తెల్లవారకముందే పీటీ, తర్వాత డ్రిల్, క్లాసులు, సాయంత్రం ఆటలు, రాత్రి పుస్తకాలు. పిల్లలు అలసిపోతున్నారు. ఉన్న ప్రాజెక్టు పనినే మార్చండి చాలు. వేరు వేరు శాఖల పిల్లల్ని ఒక జట్టుగా చేసి, దగ్గరలోని ఏదో ఒక వర్క్‌షాపుకో యూనిట్‌కో అప్పగించండి. మొదటి నెల ఎవరూ డ్రాయింగు గీయకూడదు. డ్రైవరుతో, మరమ్మతు చేసే క్రాఫ్ట్స్‌మన్‌తో, స్టోరు చూసే నాయక్‌తో కూర్చుని, అసలు ఏం కావాలో ఒక్క పేజీలో రాయాలి. ఆ పేజీకి మార్కులు వేసేవాళ్లలో ఒక హవల్దారు కూడా ఉండాలి. ఈ చివరి మాట కొందరికి నచ్చకపోవచ్చు. అన్నిటికంటే అదే ముఖ్యమని నా నమ్మకం.

మొదలుపెట్టడానికి సికింద్రాబాద్ కంటే మంచి చోటు లేదు. తిరుమలగిరిలో ఈఎంఈ వాళ్ల ఇంజనీరింగ్ కళాశాల ఎంసీఈఎంఈ ఉంది. కంచన్‌బాగ్‌లో క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్, లోహాల ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్, క్షిపణులు తయారుచేసే బీడీఎల్ ఉన్నాయి. ఎద్దుమైలారంలో సైనికుల్ని మోసే బీఎంపీ సాయుధ వాహనాలు తయారయ్యే ఫ్యాక్టరీ ఉంది. నాలాగా ఈ చుట్టుపక్కల స్థిరపడిన రిటైర్డ్ మెకానిక్‌లు ఎంతోమంది ఉన్నారు. పిలిస్తే వస్తాం. టీఏ, డీఏలు అడగం.

మావాడు తిరిగి వెళ్లే ముందురోజు వాడిని ఒక లారీ మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను. గేర్‌బాక్సు దించుతుంటే మూడు గంటలు పక్కనే నిలబడి, జేబులోంచి స్కేలు తీసి స్పానర్ తిరగడానికి ఎంత జాగా కావాలో కొలుచుకున్నాడు. ఇంటికొచ్చాక తన డ్రాయింగు పక్కన పెన్సిలుతో ఒక బాణం గీసి, "ఇటు నుంచి దించాలి" అని రాసుకున్నాడు.

ఇట్లు,
ఈఎంఈ మాజీ సుబేదారు,
అల్వాల్, సికింద్రాబాద్