కట్ట కింద ఊట గురించి, చిత్రకొండ గ్రూపు వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. కట్ట కింద నీళ్లు ఊరుతున్నట్టు పొద్దుటి నుంచి గ్రూపులో తిరుగుతున్న వీడియో చూసి చాలామంది టెన్షన్ పడుతున్నారు. ఒడిశాలో సీలేరు నది మీద ఉన్న మన బలిమెల డ్యామ్ మట్టి కట్ట. ఎంత గట్టిగా కట్టినా మట్టిలోంచి కొంత నీరు ఊరుతుంది. ఆ ఊట తేటగా, ఎప్పటిలాగే వస్తుంటే భయం లేదు. బురద రంగుకు తిరిగినా, ఒక్కసారిగా పెరిగినా లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అదే బుంగ. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోకపోతే గండి పడుతుంది.

వీడియోలో నీళ్లు తేటగానే ఉన్నాయి. అయినా తీసినవాళ్లు ఆ చోటు డ్యామ్ సిబ్బందికి ఇవాళే చూపించండి.

అన్నలారా, కట్ట మీద మట్టి తవ్వకండి, పశువులను ఎక్కించకండి. మొక్కలు కూడా నాటొద్దు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన సందే నీటికి దారి అవుతుంది. ఎలుక కన్నం కనబడినా చెప్పండి.

ఈ నీళ్లలో సగం బలిమెల పవర్‌హౌస్‌లో కరెంటు ఇచ్చి పొట్టేరు కాలువల్లోకి, మల్కన్‌గిరి పొలాలకు పోతాయి. మిగతా సగం సీలేరు మీదుగా ఆంధ్రాకు. రెండు వైపులా మనవాళ్లే. రిజర్వాయర్ అవతల చిక్కుకుపోయిన ఊళ్లవాళ్లు 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా లాంచీల మీదే ఆధారపడ్డారు. వాళ్ల కష్టం కలిసిన నీళ్లివి.

ఇకపై ఫొటో పెడితే చోటు, టైము కూడా రాయండి.