ఆసిఫ్ ఇక్బాల్ పేరు మన లెక్కలోనూ ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ క్రీడా పేజీలో హైదరాబాద్ క్రికెటర్ల గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. గులాం అహ్మద్ మొదలుకొని మహ్మద్ సిరాజ్ వరకు అందరినీ ఆప్యాయంగా తలచుకున్న ఆ వ్యాసం, ఆసిఫ్ ఇక్బాల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన దేశాన్ని వద్దనుకుని పాకిస్థాన్‌కు ఆడారని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ వాక్యం మీదే నా అభ్యంతరం.

ఆసిఫ్ ఇక్బాల్ 1943లో ఈ నగరంలోనే పుట్టారు. భారత జట్టుకు నాయకత్వం వహించిన ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్‌కు ఆయన దగ్గరి బంధువు. రంజీ ట్రోఫీలో హైదరాబాద్ తరఫున ఆడారు. 1960-61లో ఫజల్ మహమూద్ నాయకత్వంలో పాకిస్థాన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు, దానితో తలపడిన సౌత్ జోన్ జట్టులో కూడా ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే పాకిస్థాన్‌కు వలస వెళ్లారు. భారత జట్టు తరఫున ఆయన ఒక్క టెస్టు కూడా ఆడలేదు కాబట్టి, ఖచ్చితంగా చెప్పాలంటే ఆయన వదిలి వెళ్లింది హైదరాబాద్ జట్టునే తప్ప భారత జట్టును కాదు. నిజంగా రెండు దేశాలకూ టెస్టులు ఆడినవారు వేరే ఉన్నారు. అబ్దుల్ హఫీజ్ కర్దార్, గుల్ మహమ్మద్, అమీర్ ఇలాహీ ముగ్గురూ మొదట భారత్‌కు, తర్వాత పాకిస్థాన్‌కు ఆడారు. పెద్ద పటౌడీ, అంటే ఇఫ్తికార్ అలీ ఖాన్, ఇంగ్లండ్ తరఫున తొలి టెస్టులోనే సిడ్నీలో శతకం కొట్టి, 1946లో అదే ఇంగ్లండ్‌కు భారత జట్టును తీసుకువెళ్లారు. ఆయనను మనం గౌరవంగానే తలచుకుంటాం, తలచుకోవాలి కూడా.

అయితే ఆసిఫ్ వెళ్లిపోయిన కాలంలో ఈ నగరానికే చెందిన మరో ఆటగాడికి ఏం జరిగిందో గుర్తుచేయకుండా ఈ చర్చ ముగించలేము. అబ్బాస్ అలీ బేగ్ 1959లో మాంచెస్టర్‌లో ఆడిన తొలి టెస్టులోనే 112 పరుగులు చేశారు. 1960 జనవరిలో బొంబాయిలో ఆస్ట్రేలియాపై రెండు ఇన్నింగ్స్‌లోనూ అర్ధశతకాలు సాధించినప్పుడు, ఒక యువతి మైదానంలోకి పరుగెత్తుకొచ్చి ఆయనను ముద్దు పెట్టుకున్న ముచ్చటను మా నాన్నగారి తరం వారు చాలాకాలం చెప్పుకున్నారు. సరిగ్గా ఏడాది తిరక్కముందే, పాకిస్థాన్‌తో మొదటి మూడు టెస్టుల్లో పరుగులు రాకపోయేసరికి, ఆయన కావాలనే ఆడలేదని నిందలు మోపుతూ ఉత్తరాలు వచ్చాయి. ఆయన జట్టులో చోటు కోల్పోయారు. మళ్లీ టెస్టు ఆడటానికి ఆరేళ్లు పట్టింది. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ డ్రా అయ్యాయి, అంటే పరుగులు రాని కారణంగా ఓడిపోయిన మ్యాచ్ ఒక్కటీ లేదు. అయినా ఉత్తరాలు ఆగలేదు. ఉండిపోయినవాడిని అనుమానించి, వెళ్లిపోయినవాడిని నిందిస్తే, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఏం చేసి ఉంటే మనకు తృప్తి కలిగేదో నాకు అర్థం కాదు. ఆసిఫ్ వలసకు ఇదే కారణమని నేను అనడం లేదు. ఆ రోజుల గాలి ఎలా వీచిందో మాత్రమే చెబుతున్నాను.

ఇక ఆయన ఆట విషయానికి వస్తే, 1964లో కరాచీలో ఆస్ట్రేలియాపై మొదటి టెస్టు ఆడినప్పుడు ఆయన కొత్త బంతితో బౌలింగ్ చేసి, పదో స్థానంలో బ్యాటింగ్‌కు దిగిన మీడియం పేసర్. అటువంటివాడు 1967లో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లండ్‌పై, పాకిస్థాన్ రెండో ఇన్నింగ్స్‌లో 65 పరుగులకే 8 వికెట్లు పోయి ఇన్నింగ్స్ ఓటమి ఖాయమనుకున్న వేళ, ఇంతిఖాబ్ ఆలంతో కలిసి తొమ్మిదో వికెట్‌కు 190 పరుగులు జోడించారు. అందులో ఆయనవి 146. మ్యాచ్ ఇంగ్లండే గెలిచింది గానీ, ఆ భాగస్వామ్యం ముప్పై ఏళ్లపాటు ప్రపంచ రికార్డుగా నిలిచింది. తర్వాత ఇంగ్లండ్ దేశవాళీ క్రికెట్‌లో కెంట్ కౌంటీకి ఏళ్ల తరబడి ఆడారు. ఆయన సారథ్యంలోనే కెంట్ 1977లో మిడిల్‌సెక్స్‌తో కలిసి కౌంటీ చాంపియన్‌షిప్‌ను పంచుకుంది. 1979-80లో పాకిస్థాన్ కెప్టెన్‌గా భారత్‌కు వచ్చి, ఆరు టెస్టుల ఆ సిరీస్‌ను 0-2తో కోల్పోయి, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో టెస్టు క్రికెట్‌కు వీడ్కోలు పలికారు. తాను పుట్టిన దేశంలోనే ఆఖరి టెస్టు ఆడటం ఎంతమంది విదేశీ కెప్టెన్లకు జరిగి ఉంటుంది?

అదే ఓవల్ మైదానంలో 1971లో భారత్‌కు విజయాన్ని అందించిన బౌండరీ కొట్టిన సయ్యద్ ఆబిద్ అలీ కూడా హైదరాబాదీయే, వయసులో ఆసిఫ్ కంటే రెండేళ్లు పెద్ద. ఆయన తర్వాతి కాలంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థిరపడి, 2025 మార్చిలో అక్కడే కన్నుమూశారు. ఆయన దేశాన్ని వద్దనుకున్నారని ఎవరూ రాయలేదు, రాయకూడదు కూడా. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి, వచ్చాక 108 చేసే ఊరు మనది. మన పిల్లలు అక్కడి పౌరసత్వం తీసుకుంటే మిఠాయిలు పంచుకుంటాం. 2010 అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కు ఆడిన సౌరభ్ నేత్రావల్కర్ 2024 జూన్‌లో అమెరికా తరఫున సూపర్ ఓవర్ వేసి పాకిస్థాన్‌ను ఓడిస్తే ఇక్కడ చప్పట్లు కొట్టాం. ఆరు రోజులకే అతడు రోహిత్, కోహ్లి ఇద్దరినీ అవుట్ చేస్తే నొచ్చుకున్నాం గానీ, నింద మాత్రం వేయలేదు. అంటే మనకు అభ్యంతరం వెళ్లిపోవడం మీద కాదు, ఎటు వెళ్లాడన్న దాని మీదే. ఆ భేదం ఉంటే ఉండనివ్వండి, రెండు దేశాల మధ్య జరిగిన యుద్ధాలను నేనూ మరచిపోలేదు. కానీ దాన్ని ఒక ఆటగాడి గుణదోషంగా అచ్చువేయడం న్యాయం కాదు.

మీ వ్యాసకర్తను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. జయసింహ గురించి, ఫతే మైదాన్ గురించి ఆయన రాసిన భాగం ఎంతో బాగుంది. ఆ జాబితాను మీరు మళ్లీ ప్రచురించే సందర్భం వస్తే, ఆసిఫ్ ఇక్బాల్ పేరు పక్కన ఆ వాక్యానికి బదులు ఇలా వేయవలసిందిగా కోరుతున్నాను: హైదరాబాద్ రంజీ ఆటగాడు, తర్వాత పాకిస్థాన్ కెప్టెన్, 58 టెస్టులు, 3,575 పరుగులు, 11 శతకాలు, 53 వికెట్లు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్