కార్ల షోరూమ్ అంటే గోడౌన్ షెడ్డు కాదు

సంపాదకులకు నమస్కారం.

దసరా వచ్చిందంటే మీ విశాఖ పేజీల్లో కొత్త కార్ల షోరూమ్‌ల ప్రారంభోత్సవ ప్రకటనలు వరసగా కనబడతాయి. ముందంతా అద్దం, లోపల లైట్ల కింద మెరిసే బండ్లు, మధ్యలో ఒక్క స్తంభం కూడా అడ్డం లేని పెద్ద కప్పు. అలాంటి భవనాలకు స్టీలు ఎత్తి నిలబెట్టడమే నా పని. గాజువాక ఆటోనగర్‌లో వెల్డర్ దగ్గర హెల్పర్‌గా చేరి పని నేర్చుకున్నాను. ఇప్పుడు సొంతంగా ఎరెక్షన్ గ్యాంగ్ నడుపుతున్నాను. తీరప్రాంతంలో ఈ షోరూమ్‌లను కడుతున్న తీరు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

కార్ల కంపెనీలు తమ షోరూమ్ ఎలా కనబడాలో అంగుళాలతో సహా చెబుతాయి. అద్దం ఎంత ఎత్తుండాలి, బోర్డు ఏ రంగులో ఉండాలి, డెలివరీ ఇచ్చే చోటు ఎక్కడ రావాలి, అన్నీ రాసి ఇస్తాయి. కప్పు గాలికి ఎలా ఆగాలన్నది మాత్రం, నేను చూసినంతలో, డీలరుకే వదిలేస్తున్నాయి. డీలరు నాలుగు చోట్ల కొటేషన్లు తెప్పిస్తాడు. పీఈబీ షెడ్డు, అంటే ఫ్యాక్టరీలో స్టీలు ముక్కలు చేసి తెచ్చి సైట్లో బిగించేది, దాని ధర కిలో లెక్కన ఉంటుంది కాబట్టి ఎవరు తక్కువ టన్నుల్లో చేస్తామంటే పని వాళ్లకే వెళ్తుంది. ఆ టన్నులు ఎక్కడ తగ్గాయని అడిగేవాళ్లు లేరు. లీజు స్థలానికి అద్దె మొదలైపోయి ఉంటుంది, ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేసి ఉంటారు.

మనం ఉన్నది తుపాన్ల దారిలో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదుగానే తీరం దాటింది. విమానాశ్రయం టెర్మినల్ కప్పు ఏమైందో ఊరంతా చూసింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను ఊడ్చేసింది. గాలి బలానికి మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగం అనే కోడ్ ఉంది. 2015లో దాన్ని సవరించారు. దాని ప్రకారం డిజైన్‌కి తీసుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం విశాఖలో, విజయవాడలో సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో అది 44 మీటర్లే. తేడా ఆరు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే విశాఖలో దాదాపు 30 శాతం ఎక్కువ ఒత్తిడి పడుతుంది, చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. “మా హైదరాబాద్ బ్రాంచి డ్రాయింగే ఇది, అలాగే దించేయండి” అని సైట్లో నాతో అన్నవాళ్లున్నారు. అలా దించడానికి కుదరదు.

దీని మీద ఇంకో లెక్క ఉంది. తీరం నుంచి సుమారు 60 కిలోమీటర్ల వరకు పారిశ్రామిక కట్టడాలకు గాలి వేగాన్ని ఇంకో 15 శాతం పెంచి డిజైన్ చేయమని అదే కోడ్ చెబుతోంది. ఒత్తిడిలో అది 32 శాతం దాకా అవుతుంది. మామూలు భవనాలకు ఈ పెంపు లేదు. మరి ముందు షోరూమ్, వెనక సర్వీస్ వర్క్‌షాపు ఒకే కప్పు కింద ఉంటే దాన్ని దేని కింద లెక్కేయాలి? టన్నులు తగ్గించాలనుకునేవాళ్లు మొత్తాన్నీ మామూలు భవనం కింద రాసేస్తున్నారు. నా మట్టుకు నేను మొత్తానికీ ఎక్కువ లెక్కే వేయమంటాను. గాలికి షోరూమ్ ఏదో వర్క్‌షాపు ఏదో తెలియదు.

అసలు ప్రమాదం ముందున్న అద్దంతోనే. గోడౌన్‌కి చుట్టూ గోడో రేకో ఉంటుంది, ఒకటో రెండో షట్టర్లుంటాయి. కాబట్టి లోపలికి దూరే గాలి తక్కువని లెక్కేస్తారు, అది న్యాయమే. షోరూమ్‌లో మాత్రం ఎగిరొచ్చిన రేకు ముక్కో చెట్టు కొమ్మో తగిలి ముందు అద్దం పగిలితే, ఆ క్షణం నుంచీ అది ఒక పక్క తెరిచి ఉన్న షెడ్డు. పైనుంచి గాలి కప్పును పీకుతుంటుంది, లోపలికి దూరిన గాలి కింద నుంచి ఎత్తుతుంది. గాలికి గొడుగు తిరగబడినట్టే కప్పు లేచిపోతుంది. రేకూ, దాన్ని మోసే అడ్డ కమ్మీలు పర్లిన్లూ కలిపినా చదరపు మీటరుకు పది పదిహేను కిలోల బరువుంటే గొప్ప, ఆ బరువు కప్పును పట్టి ఉంచలేదు. లోపలి గాలి ఒత్తిడికి కోడ్‌లో ఒక గుణకం ఉంది. చిన్న చిన్న సందులే ఉంటే 0.2, పెద్ద ఖాళీలుంటే 0.7. ముందంతా అద్దమున్న షోరూమ్‌ని 0.2తో డిజైన్ చేసిన లెక్కల కాగితాలు నా చేతికి వచ్చాయి. అద్దం పగలదన్న నమ్మకంతో వేసిన లెక్క అది. ఆ నమ్మకానికి ఆధారంగా అద్దం పరీక్ష కాగితం మాత్రం జత చేసి లేదు.

బ్రేసింగ్ సంగతీ ఇంతే. ఫ్రేములు పక్కకు ఒరిగిపోకుండా కాలమ్‌ల (స్టీలు స్తంభాల) మధ్య ఇంటూ ఆకారంలో కడ్డీలు వేస్తాం. ఇంటీరియర్ వాళ్లు వచ్చి, అద్దంలోంచి కనబడుతున్నాయి, తీసేయమంటారు. కార్ల దారికి అడ్డమైతే, అందం పోతుందనుకుంటే తీసేయొచ్చు. కానీ ఆ స్థానంలో పోర్టల్ ఫ్రేము, అంటే మధ్యలో కడ్డీలు లేకుండానే ఒరగకుండా నిలిచే గట్టి చట్రం, పెట్టాలి, దాన్ని డిజైనరే ఇవ్వాలి. దానికి స్టీలు ఎక్కువ పడుతుంది. ఉత్త కడ్డీలు విప్పేసి ఊరుకుంటే ఆ వరసకు పక్క బలం ఉండదు. మేం నిలబెట్టేటప్పుడు కూడా ముందు బ్రేసింగ్ ఉన్న రెండు ఫ్రేముల గదినే ఎత్తి, నిటారుగా ఉందో లేదో చూసి, బిగించి, ఆ తర్వాతే మిగతా ఫ్రేములు దానికి కలుపుకుంటూ వెళ్తాం. ఈ క్రమం తప్పించి తొందరపడితే సాయంత్రం ఒక్క ఈదురుగాలికి మొత్తం పేకల్లా పడిపోతాయి, కింద పనివాళ్లుంటారు.

ఇక యాంకర్ బోల్టులు. భవనాన్ని భూమికి పట్టి ఉంచేవి ఇవే. పద్ధతిగా చేస్తే ఇలా ఉంటుంది. కాలమ్ అడుగున ఉండే బేస్ ప్లేటుకున్న కన్నాలే ఉన్న ఇనుప టెంప్లేట్‌లో బోల్టులు బిగించి, పునాది కడ్డీలకు కట్టి, టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో సెంటర్లు చూసి కాంక్రీటు పోస్తారు. మరలకు గ్రీజు రాసి గుడ్డ చుడతారు. కాంక్రీటును కుదిపే వైబ్రేటర్ తగిలి బోల్టులు జరుగుతాయి కాబట్టి కాంక్రీటు పచ్చిగా ఉండగానే మళ్లీ కొలుస్తారు. ఆ రెండోసారి కొలత చాలా సైట్లలో జరగదు.

ఇటీవల ఒక షోరూమ్ సైట్‌కి మమ్మల్ని పిలిచారు. క్రేనుతో కాలమ్ దించబోతే ముందు వరసలో ఒక పునాది మీద రెండు బోల్టులు అంగుళానికి పైగా పక్కకున్నాయి. మెయిన్ కాంట్రాక్టరు గ్యాస్ కట్టర్ తెప్పించి, బేస్ ప్లేటు కన్నాలు కోసి పెద్దవి చేసి దించేయమన్నాడు. అలా కోస్తే నట్టు కింద పట్టు ఉండదు, గాలి కాలమ్‌ని పైకి లాగినప్పుడు నట్టు కన్నంలోంచి జారిపోతుంది. డిజైనర్‌ని అడిగి, కెమికల్ యాంకర్లు (కాంక్రీటుకు కన్నం వేసి రసాయన జిగురుతో పట్టించే బోల్టులు) వేసి కొత్త బేస్ ప్లేటు చేయిద్దాం, లేదా కన్నం మీద మందపాటి ప్లేటు వాషర్లు వేసి వెల్డ్ చేద్దాం, నాలుగైదు రోజులు పడుతుంది అన్నాను. ముహూర్తం దాటిపోతుందన్నారు. నేను సంతకం పెట్టనని గ్యాంగ్‌ని తీసుకొచ్చేశాను. మర్నాడు వేరే గ్యాంగ్ వచ్చి కోసి నిలబెట్టింది. ఆ పైన బేస్ ప్లేటు కింద సందు నింపే గ్రౌటింగ్, దాని మీద టైల్స్, కాలమ్ చుట్టూ అల్యూమినియం అలంకరణ పలక (ఏసీపీ షీటు). ఇప్పుడు కస్టమర్ లాంజ్‌లో సోఫాలు ఆ కాలమ్ పక్కనే వేసి ఉన్నాయి. బండి డెలివరీ కోసం పిల్లాపాపలతో వచ్చినవాళ్లు అక్కడే కూర్చుంటారు.

డీలర్లందరూ ఇలాంటివాళ్లే అని నేను అనడం లేదు. సొంతంగా కన్సల్టెంట్‌ని పెట్టుకుని, ప్రతి బోల్టుకూ బిగింపు కొలిచే టార్క్ రెంచ్ పెట్టి చూపించమన్న యజమాని దగ్గర కూడా పని చేశాను. స్టీలు ఖర్చు పెరిగింది గానీ మొత్తం షోరూమ్ ఖర్చులో చూస్తే లైటింగ్‌కీ ఫర్నిచర్‌కీ పెట్టిన దాని ముందు అది పెద్దదేమీ కాదు.

విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ అధికారులకూ, తీరప్రాంతంలోని మిగతా మున్సిపాలిటీలకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. స్టీలు షోరూమ్‌ల ప్లాన్‌తో పాటు డిజైన్‌కి తీసుకున్న గాలి వేగం, తుపాను గుణకం (పైన చెప్పిన 15 శాతం పెంపు), లోపలి ఒత్తిడి గుణకం రాసిన ఒక్క పేజీ కాగితం, దాని మీద స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం తప్పనిసరి చేయండి. గ్రౌటింగ్ వేయకముందే ప్రతి బేస్ ప్లేటునీ ఇంజినీర్ చూసి, ఫొటోలు తీసి, వాటిని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దరఖాస్తుకు జతచేసేలా చూడండి. టైల్స్ పడ్డాక ఎవరు వచ్చి తనిఖీ చేసినా ఏమీ కనబడదు. ఇప్పటికే నడుస్తున్న షోరూమ్‌ల యజమానులు వచ్చే తుపాను సీజన్‌లోపు కనీసం ముందు వరస కాలమ్‌ల దగ్గర టైల్స్ తీయించి బోల్టులు చూపించుకోండి. ఒకరోజు పని, మా గ్యాంగ్‌లో ఎవరైనా చేసిపెడతారు.

ఇట్లు,
ఒక స్టీల్ ఎరెక్షన్ కాంట్రాక్టర్,
గాజువాక, విశాఖపట్నం