పెనాల్టీ షూటౌట్ వదిలేసి మా నాన్నని మోసుకెళ్ళిన కేరళ అన్నకి

ఫైనల్ అయ్యి వారం దాటింది. రోజూ రాద్దామని కూర్చోవడం, రెండు లైన్లు రాసి చెరిపేయడం, ఇలాగే గడిచిపోయింది, ఆలస్యానికి క్షమించండి. 2022 మార్చి 20న మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) కప్పు గెలిచిన రాత్రి, గోవాలో, ఫతోర్డా స్టేడియంలోనే మా నాన్నకి షుగర్ డౌన్ అయ్యింది. ఇప్పుడు నేనిది రాస్తుంటే ఆయన పక్క గదిలో పేపర్ తిరగేస్తున్నారు, పేజీల చప్పుడు వినిపిస్తోంది. అలా వినిపించడానికి కారణమైనవాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మన టీమ్ కోసం వచ్చినవాళ్ళు కాదు, ఫైనల్లో మన ఎదురు టీమ్ కేరళ బ్లాస్టర్స్ కోసం వచ్చినవాళ్ళు. అందుకే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మా నాన్న అక్కడిదాకా ఎందుకొచ్చారో చెప్పాలి. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, అరవై నాలుగేళ్ళు. మా తాతకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. రహీమ్ సాబ్ కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలుచుకొచ్చిన కాలం ఆయనది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినప్పుడూ కోచ్ మన రహీమ్ సాబే. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయారు. మా నాన్న ఈ కథలన్నీ అన్నంతో పాటు తిని పెరిగారు కానీ కళ్ళారా చూసింది ఏమీ లేదు, ఆయనకి ఊహ తెలిసేసరికే అవన్నీ అయిపోయాయి. మన ఊరి టీమ్ దేశంలో పెద్ద కప్పు గెలవడం ఒక్కసారి చూడాలని ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

2019లో టీమ్ వచ్చింది. గచ్చిబౌలిలో మొదటి హోమ్ మ్యాచ్‌కి ఇద్దరం వెళ్ళాం, నవంబర్ 2, ఆరోజూ ఎదురుగా ఉన్నది కేరళే, 2-1తో గెలిచాం. ఆ సీజన్ మొత్తం మీద గెలిచింది రెండే, పద్దెనిమిది మ్యాచ్‌లకి పది పాయింట్లు, పట్టికలో అట్టడుగున. స్టాండ్స్‌లో జనం పలచబడుతూ వచ్చినా నాన్న మానలేదు. తర్వాత కోవిడ్, రెండు సీజన్లు గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో. మనోలో కోచ్‌గా వచ్చాక మొదటి ఏడాది ఐదో స్థానం, ఈ ఏడాది రెండో స్థానం, ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ మీద రెండు మ్యాచ్‌లూ కలిపి 3-2. ఇవన్నీ టీవీ ముందే చూశాం. ఫైనల్‌కి ప్రేక్షకుల్ని అనుమతిస్తున్నారని తెలిసిన రోజు నాన్న అన్నది ఒకటే మాట, "నేనూ వస్తున్నా." అమ్మ వద్దంది. నేనే సర్దిచెప్పాను. ఆ సంగతి ఆ రాత్రంతా నాకు గుర్తొస్తూనే ఉంది.

టెంపో ట్రావెలర్‌లో పదకొండు మందిమి బయల్దేరాం. ఫతోర్డా స్టేడియం ఉన్న మడ్గావ్ చేరేసరికి ఊరంతా పసుపు. రైళ్ళల్లో, బస్సుల్లో, బైకుల మీద కేరళ నుంచి వచ్చిన జనం. నాన్న వ్యాన్ కిటికీలోంచి చూసి, "ఇంతమంది మనవాళ్ళు వచ్చారా?" అన్నారు, మన జెర్సీ కూడా పసుపే కదా. కాదు నాన్నా, వాళ్ళంతా కేరళ అని చెబితే కాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, "ఆటని ఇంత ప్రేమించే ఊరుండాలి" అన్నారు. వాళ్ళు రావడమూ అంత తేలిక కాలేదు. ఈ మ్యాచ్ చూడ్డానికి బైక్ మీద బయల్దేరిన ఇద్దరు కుర్రాళ్ళు కాసరగోడ్ జిల్లాలో ప్రమాదంలో చనిపోయారు. అది మాకు తర్వాత తెలిసింది. ఆ ఇళ్ళల్లో వాళ్ళకి నా నమస్కారం, అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఫైనల్లో హోమ్ టీమ్ మనం కాబట్టి పసుపు జెర్సీ మనకి, కేరళ ఆటగాళ్ళకి నలుపూ నీలం. దాని మీద ఈ వారమంతా రెండువైపుల అభిమానులూ పోట్లాడుకోవడం చూశాను. ఈ పోస్ట్ రాయడానికి అదీ ఒక కారణం. నాకు ఎదురైన పసుపు జెర్సీ వేరు.

మా సీట్లకి ఎడమవైపు అంతా కేరళవాళ్ళే. పక్కనే నలభై దాటిన ఒకాయన, కూతురితో వచ్చాడు, పదేళ్ళుంటాయేమో ఆ పాపకి, బుగ్గల మీద పసుపు రంగు. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టినప్పుడు మా చుట్టూ అరుపులకి కాంక్రీటు అదిరింది. ఆయన కూడా గంతులేశాడు, వేస్తూనే మా నాన్న వైపు చూసి 'సారీ అంకుల్' అన్నట్టు చెయ్యెత్తాడు. ఇరవై నిమిషాలు గడిచాయి, మనవాళ్ళు పోయారనే అనుకున్నాం. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా బాక్స్ బయటినుంచి బంతి కింద పడనివ్వకుండా కొట్టాడు చూడండి! నాన్న లేచి నా భుజాలు పట్టుకుని ఊపేశారు, ఆయన అలా అరవడం నా జన్మలో చూడలేదు.

ఎక్స్‌ట్రా టైమ్‌లో నాన్న కూర్చుండిపోయారు. టెన్షన్ అనుకున్నాను. మధ్యాహ్నం షుగర్ మాత్ర వేసుకున్నారు కానీ సరిగ్గా తినలేదని నాకు తెలుసు, ఆట మొదలవక ముందే ఆకలి చచ్చిపోయిందన్నారు, రాత్రికి తిందాంలే అని నేనూ ఊరుకున్నాను. గ్లూకోజ్ ప్యాకెట్ వ్యాన్‌లో బ్యాగులో ఉంది, బ్యాగు నా చేతిలో లేదు. షూటౌట్‌కి ఆటగాళ్ళు నడుం మీద చేతులు వేసుకుని వరసగా నిలబడుతున్నప్పుడు "నాన్నా, గోల్‌లో మన కట్టిమణి ఉన్నాడుగా" అంటూ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. చొక్కా వీపంతా తడిసిపోయింది. పిలిస్తే నా వైపు చూస్తున్నారు కానీ ఆ చూపులో నేను లేను.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నిజం చెబుతున్నాను, అరవాలని కూడా తట్టలేదు. పక్కనున్న ఆయన నన్ను చూడలేదు, నాన్న చేతివేళ్ళు వణకడం చూశాడు. "షుగర్?" అని ఒక్క మాట అడిగాడు. తలూపాను. వెంటనే కూతురి చేతిలో ఉన్న మామిడి జ్యూస్ డబ్బా తీసుకున్నాడు. ఆ పాప ఏమీ అనలేదు, స్ట్రా తనే సరిచేసి ఇచ్చింది. నాన్న తల ఆయన తన భుజానికి ఆనించుకుని, కొద్దికొద్దిగా, గొంతు దిగిందో లేదో చూస్తూ తాగించాడు. సగం లోపలికి పోయింది, సగం జెర్సీ మీద. మనిషి పూర్తిగా తేరుకోవట్లేదని చూసి కూతుర్ని వెనక వరసలో స్నేహితుడికి అప్పగించి, మలయాళంలో ఏదో గట్టిగా అరిచాడు. నలుగురు కుర్రాళ్ళు దారి చేశారు. అప్పటికి మొదటి పెనాల్టీ కొట్టడానికి కేరళ ఆటగాడు లెస్కోవిచ్ నడుస్తున్నాడు.

ఆయన నాన్న కాళ్ళు పట్టుకున్నాడు, నేను చంకల కింద. మెట్లు దిగుతున్నాం. వీపు గ్రౌండ్ వైపు. స్టాండ్ కిందకి వచ్చేసరికి పైన ఉన్నట్టుండి నిశ్శబ్దం. అన్ని వేలమంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఆ నిశ్శబ్దం బరువుగా ఉంటుంది. కట్టిమణి ఆపేశాడని ఇద్దరికీ అర్థమైంది. ఆయన అడుగు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. అంతే. 2014లో, 2016లో ఫైనల్‌కొచ్చి ఓడిపోయిన టీమ్ ఆయనది, మూడోసారి వచ్చింది, రాత్రంతా రైల్లో కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని వచ్చానని ఆట మొదట్లోనే చెప్పాడు. ఆయన చూడ్డానికి వచ్చింది ఆ పది నిమిషాలే. వాటిని నా తండ్రి కాళ్ళు పట్టుకుని మెట్లు దిగడానికి ఇచ్చేశాడు.

మెడికల్ సిబ్బంది ఎదురొచ్చి నాన్నని బల్ల మీద పడుకోబెట్టారు. షుగర్ మిషన్‌లో 48 చూపించింది. గ్లూకోజ్ ఎక్కించారు. వాళ్ళలో ఒకావిడ కొంకణి కలిసిన హిందీలో "బాబా, మీ పేరేంటి, ఏ ఊరు" అని ఆపకుండా అడుగుతూనే ఉంది. అక్కా, మీ పేరు అడగలేదు, మీ గొంతు మాత్రం గుర్తుంది. ఈలోగా పైనుంచి శబ్దాలు. మళ్ళీ ఒక నిశ్శబ్దం, వెంటనే ఒక పెద్ద అరుపు, వెంటనే ఇంకో నిశ్శబ్దం. ఏం జరిగిందో మాకు తెలియలేదు. మర్నాడు రీప్లే చూస్తే తెలిసింది, నిషు కుమార్ కొట్టింది కట్టిమణి ఆపాడు, కట్టిమణి ముందే గోల్ లైన్ దాటాడని మళ్ళీ కొట్టించారు, దాన్నీ ఆపాడు. ఆ తర్వాత జీక్సన్‌ది కూడా. అదే ఫతోర్డాలో, 2015 ఫైనల్లో, గోవా గోల్‌కీపర్‌గా 90వ నిమిషంలో సెల్ఫ్ గోల్ పడి కప్పు చేజార్చుకున్న మనిషి కట్టిమణి. ఏడేళ్ళ తర్వాత అదే గ్రౌండ్‌లో ముగ్గుర్ని ఆపాడు. నేను ఒక్కటీ చూడలేదు. పక్కనే నిలబడి మా నాన్న మడమలు రుద్దుతున్న ఆయనా చూడలేదు.

మన నార్జరీ కొట్టిన చివరి పెనాల్టీకి పైన పెద్ద శబ్దమేమీ రాలేదు. దూరంగా ఒక మూలనుంచి సన్నగా మన డప్పు వినిపించింది. ఆయన విన్నాడు. తల కిందికి దించుకున్నాడు.

కాసేపటికి నాన్న కళ్ళు నిలదొక్కుకున్నాయి. నన్ను గుర్తుపట్టి, చుట్టూ చూసి అడిగిన మొదటి మాట, "ఏమైందిరా మ్యాచ్?" నాకు గొంతు పెగల్లేదు. ఆయనే వంగి చెప్పాడు, హిందీలో, "అంకుల్, మీ హైదరాబాద్ గెలిచింది. ఛాంపియన్స్."

చేట్టా (మీ మలయాళంలో అన్నా అని), ఆ మాట మీ నోటితో చెప్పాల్సి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ కళ్ళు తడిగా ఉండడం చూశాను. మా నాన్న మీ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు, మీరు వద్దు వద్దంటూనే ఉన్నారు. మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఈ రాసిందంతా మా ఆఫీసులో పాలక్కాడ్ మిత్రుడొకరు మలయాళంలోకి మార్చి మీకు పంపుతారు. మీ అమ్మాయికి చెప్పండి, ఆ జ్యూస్ డబ్బా మా నాన్న పారేయనివ్వలేదు, కడిగించి షోకేస్‌లో మా తాత ఫోటో పక్కన పెట్టించారు.

మన వాళ్ళకీ చెప్పాలి. మా వ్యాన్ స్నేహితులు తొమ్మిదిమంది, మన కెప్టెన్ జువావ్ విక్టర్ కప్పు ఎత్తే క్షణం కోసం మూడేళ్ళుగా చూసినవాళ్ళు, నా ఫోన్ రాగానే స్టాండ్ వదిలేసి కిందికి పరుగెత్తుకొచ్చారు. డ్రైవర్ అన్న రెండు గంటలు ఇంజిన్ ఆన్‌లో పెట్టి వ్యాన్‌లో ఏసీ చల్లగా ఉంచాడు, నాన్న పడుకోవడానికి వెనక సీటు వంచి తన దుప్పటి పరిచాడు. అదనపు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. మన టీమ్ అభిమానుల సంఘం డెక్కన్ లీజియన్ తమ్ముళ్ళు ఎవరో, నాకు ముఖాలు కూడా సరిగ్గా గుర్తులేవు, మందుల షాపు వెతికి గ్లూకోజ్, ఓఆర్ఎస్, బిస్కెట్లు తెచ్చి కిటికీలోంచి ఇచ్చి వెళ్ళిపోయారు. మీకందరికీ పేరుపేరునా దండాలు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, నాన్న నిద్రపోతున్నారని. తెల్లారాక టీ కోసం ఒక ధాబా దగ్గర ఆపాం. నాన్న లేచి కూర్చుని అందరి ముఖాలూ చూశారు. "కప్పు గెలిచి ఇట్ల పోతరా ఎవరన్నా? డప్పు తీయుండ్రి" అన్నారు. అంతే, రోడ్డు పక్కన తీన్మార్ మొదలైంది. లారీ డ్రైవర్లు ఆగి ఏంటని అడిగితే చెప్పాం, వాళ్ళూ వచ్చి నాలుగు స్టెప్పులేశారు. నాన్న కుర్చీలో కూర్చుని రెండు చేతులతో తాళం వేస్తూ, రోవర్స్ కప్ గెలిచి టీమ్ రైలు దిగిన రోజు గురించి తాత తనకి చెప్పిన కథ మొత్తం మళ్ళీ చెప్పారు, మేం వందసార్లు విన్నదే, ఈసారి మాత్రం చివర్న "ఇప్పుడు నాది కూడా ఉంది చెప్పుకోడానికి" అన్నారు.

సీతాఫల్‌మండిలో మా గల్లీలోకి వచ్చేసరికి పక్కింటివాళ్ళు స్వీట్ బాక్స్‌తో నిలబడి ఉన్నారు, వాళ్ళకి ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియదు, "మన హైదరాబాద్ గెలిచిందంట కదా" అన్నారు. అమ్మ మాత్రం నాన్న చేతిలో గ్లూకోజ్ సూది గుచ్చిన చోట బ్యాండేజీ చూసి, నా వైపు తిరిగి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి ఇడ్లీ పెట్టింది.

చేట్టా, వచ్చే శనివారం మాకు ఉగాది. మీ అందరి పేర్లూ చెప్పి దేవుడి దగ్గర కొబ్బరికాయ కొడతానంది అమ్మ. గచ్చిబౌలిలో మళ్ళీ మ్యాచ్‌లు మొదలయ్యాక కేరళ వచ్చిన రోజున మీరూ పాపా మా ఇంట్లోనే దిగాలి, ఇది మా నాన్న మాట, ఆ రోజు మీ పక్కన కూర్చుని చూస్తానంటున్నారు. రోజూ పొద్దున మీరు మెసేజ్‌లో అడుగుతున్నారు కదా, ఇవాళ టిఫిన్‌కి ముందు చూశాం, 112.