‘కిడ్ ఎ’ నచ్చకపోతే తప్పా?

సంపాదకులకు,

రాక్ సంగీతం గురించి రాసే ప్రతివాళ్లూ ఇంగ్లండ్ బ్యాండ్ రేడియోహెడ్ వాళ్ల ‘కిడ్ ఎ’ ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకుంటారు. 2000లో వచ్చినప్పుడు సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి పది వేసింది, మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది, రోలింగ్ స్టోన్ పత్రిక అయితే ఆ దశాబ్దానికే మేటి ఆల్బమ్ అనేసింది. సరే. వాళ్లదే 1997 నాటి ఆల్బమ్ ‘ఓకే కంప్యూటర్’లో గిటార్ల హోరు విని ఆ ఊపులో దీనికొచ్చిన నాలాంటివాడికి మాత్రం ఉసూరుమనిపించింది. మొదటి పాటలోనే వాళ్ల గాయకుడు థామ్ యార్క్ గొంతును ముక్కలు చేసి అతికించారు, టైటిల్ పాటలో అది మనిషి గొంతో మిషనో తెలీదు, ‘ట్రీఫింగర్స్’లో అసలు పాడేవాళ్లే లేరు. ‘ది నేషనల్ ఆంథమ్’లో బేస్ గిటార్ భలే ఉంటుంది, తీరా మజా వస్తోందనుకునేలోపు బాకాలన్నీ కలిసి మీద పడతాయి! ‘హౌ టు డిసపియర్ కంప్లీట్లీ’ ఒక్కటి నిజంగా గొప్ప పాట, ఇప్పటికీ వింటాను.

కొత్తదారి తొక్కారు, కాదనను. కానీ నచ్చలేదంటే చాలు, ‘మీకు అర్థం కాలేదు, ఇంకో పదిసార్లు వినండి’ అంటారేంటండీ? మీ సంగీతం పేజీలో ఇలాంటి ఆల్బమ్‌ల గురించి రాయించేటప్పుడు, అవార్డులతో పాటు వినడానికి ఎలా ఉందో కూడా రెండు ముక్కలు రాయించండి.

– ఒక పాఠకుడు, విజయవాడ