గాయం మీద నుంచి చెయ్యి తీయకండి

సంపాదకులకు నమస్కారం.

కిందటి కార్తీక మాసంలో మా తోటలో కొబ్బరి దింపు జరుగుతుంటే మా మరిదికి మణికట్టు పైన కత్తి దిగింది. కాయలు ఏరుతున్న మేమంతా చుట్టూ చేరాం. ఒకరు పసుపు తెమ్మన్నారు, ఒకరు కాఫీ పొడి అన్నారు. నేనే ఇంట్లోకి పరుగెత్తి కాఫీ పొడి డబ్బా తెచ్చి గాయంలో కుమ్మరించాను. మోచేతి కింద కొబ్బరి తాడు బిగించి కట్టాం. ఆటోలో వెళ్తున్నంతసేపూ రక్తం ఆగిందా లేదా అని తువ్వాలు ఎత్తి చూస్తూనే ఉన్నాం. ఎత్తిన ప్రతిసారీ మళ్లీ కారింది.

ఆసుపత్రిలో ఆ పొడంతా కడగడానికే చాలాసేపు పట్టింది. నర్సమ్మ ఒకటే మాట అంది: "ఇవేవీ వద్దమ్మా. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా ఒత్తండి, చెయ్యి తీయకండి." మరిది బతికాడు. రెండు వేళ్లు మాత్రం సరిగా ముడవవు. అది కత్తి వల్లా, మేం కట్టిన తాడు వల్లా అన్న ఆలోచన నన్నింకా వదల్లేదు.

రక్తం గడ్డకట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గుడ్డ ఎత్తితే అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది. కనీసం పది నిమిషాలు తీయకుండా ఒత్తాలి. గుడ్డ తడిసిపోతే తీసేయకుండా దాని మీదే ఇంకోటి వేయాలి. ఒత్తేవాళ్ల చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కున్నా మంచిదే. మేకో గాజు పెంకో లోపల దిగి ఉంటే లాగకూడదు, దాని చుట్టూ ఒత్తాలి. సన్నటి తాడు బిగిస్తే కండ, నరాలు దెబ్బతింటాయి. చిన్న గాయమైతే ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడగాలి. మట్టి అంటిన కొడవలి, కత్తి గాయాలకు టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగాలి. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్ల రక్తం. పెద్ద రక్తనాళం తెగితే 108 వచ్చేలోపే ప్రాణం మీదికి వస్తుంది.

మా ఉద్దానంలో ఇది ఎవరికో ఎప్పుడో వచ్చే కష్టం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోటలు కూలి, చెట్లు అడ్డంపడి రోడ్లు మూసుకుపోయాయి. ఆ చెట్లు నరికింది ఊళ్లోవాళ్లే. అలాంటప్పుడు చెయ్యి తెగితే పక్కన ఉన్నవాళ్లే దిక్కు. వరి కోతల్లో, పలాస జీడి కార్ఖానాల్లో కూడా రోజూ చేతులు తెగుతూనే ఉంటాయి.

జాతీయ రహదారి మీద యాక్సిడెంట్ అయితే కేసు మెడకు చుట్టుకుంటుందని ఇప్పటికీ చాలామంది దగ్గరికి వెళ్లరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు నా విన్నపం. కోతలకు ముందే ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు డ్వాక్రా సంఘాల సమావేశాల్లో పావుగంట ఈ ఒత్తడం చేయించి చూపించాలి. మాట్లాడి వెళ్లిపోకుండా, ఒకరి చేతి మీద ఇంకొకరి చేత గుడ్డ పెట్టించి ఒత్తించాలి. దింపు కూలీలకు, కోత కూలీలకు తలా ఒక శుభ్రమైన గుడ్డ చుట్ట ఇవ్వాలి. మా ఊరికి వస్తే ఆడవాళ్లందరినీ పోగుచేసే పని నేను చూసుకుంటాను.

– ఒక పాఠకురాలు, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా